ఒక పుస్తకం ఇంకో పుస్తకాన్ని కాదంటే ఆ సంగతి కేటలాగ్‌లో కనపడాలి: యూనివర్సిటీ లైబ్రరీలకి బహిరంగ లేఖ

యూనివర్సిటీ లైబ్రేరియన్లకి, ఏ పుస్తకం కొనాలో ఏది తీసెయ్యాలో చూసే సబ్జెక్ట్ లైబ్రేరియన్లకి, లైబ్రరీ కమిటీల్లో కూర్చునే ప్రొఫెసర్లకి నమస్కారం.

నేను అడగబోయేది ముందే చెప్పేస్తాను. మీ దగ్గరున్న పుస్తకాల్లో, పేపర్లలో చాలావాటికి ఎదురు చెప్పే పుస్తకమో పేపరో కూడా మీ దగ్గరే ఉంటుంది. కానీ ఈ రెండూ ఒకదాన్నొకటి కాదంటున్నాయన్న సంగతి మీ కేటలాగ్‌కి తెలీదు. అది తెలిసేలా చెయ్యండి. మిగతా ఉత్తరమంతా ఇది ఎందుకు అవసరమో, ఎందుకు సాధ్యమో చెప్పడానికే.

స్టూడెంట్లు ఎలా వెతుకుతారో మీకు నాకన్నా బాగా తెలుసు. సెర్చ్ బాక్సులో టాపిక్ కొడతారు, మొదటి పేజీలో వచ్చినవాటిలో రెండు మూడు తెరుస్తారు, అందులో ఉన్నది రాసుకుని వెళ్ళిపోతారు. ఆ మొదటి పేజీలో కనపడ్డ పేపర్ని ఆ తర్వాత ఎవరో ఇంకా పెద్ద ప్రయోగం చేసి తప్పని తేల్చి ఉండొచ్చు, ఆ తేల్చిన పేపరు కూడా మీరు డబ్బు కట్టి తెప్పించుకుంటున్న డేటాబేస్‌లోనే ఉండొచ్చు, కానీ అది ఎక్కడో వెనక పేజీల్లో ఉంటుంది, లేదంటే టైటిల్‌లో వేరే మాటలు వాడారు కాబట్టి అసలు రానే రాదు. ఇందులో స్టూడెంట్ల తప్పేం లేదు. ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్ళే దారి ఎవరూ వెయ్యలేదు, అంతే.

అసలు వైరుధ్యం అనే విషయాన్నే తీసుకుని మీ షెల్ఫుల్లో వెతికి చూడండి. ఒకే వస్తువుకి ఒకే సమయంలో ఒకే రకంగా ఒక గుణం ఉందనీ లేదనీ అనడం కుదరదు, అన్నిటికన్నా గట్టి సూత్రం ఇదేనని అరిస్టాటిల్ తన మెటాఫిజిక్స్‌లో వాదించాడు, పుస్తకాలకి సబ్జెక్టుల వారీగా నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో ఆయన 185లో ఉంటాడు. ఉంది, లేదు, ఉందీ లేదూ, ఉన్నదీ కాదు లేనిదీ కాదు అని నాలుగు కోణాలు పెట్టుకుని నాలుగింటినీ పరీక్షించిన నాగార్జునుడు 181.4లోనో 294.3లోనో ఉంటాడు. ఏ మాటైనా ఒక దృష్టి నుంచే నిజం అని ఏడు రకాలుగా చెప్పే జైనుల స్యాద్వాదం 294.4. వైరుధ్యం లేకపోతే కదలికే లేదన్న హెగెల్ 193. ఆ దారినే వచ్చిన మార్క్సిస్టులు, 1937లో మావో రాసిన వ్యాసంతో సహా, 335.4. వైరుధ్యం ఒకటి వచ్చినంత మాత్రాన మొత్తం లెక్క కూలిపోనక్కర్లేదు అని 1948లో యాష్‌కోవ్‌స్కీ మొదలెట్టి, ఆ తర్వాత బ్రెజిల్లో డకోస్టా, 1987లో గ్రాహం ప్రీస్ట్ ముందుకు తీసుకెళ్ళిన తర్కం 160 దగ్గరో 511.3 దగ్గరో. మన మనసులో రెండు నమ్మకాలు కొట్టుకుంటే ఏం చేస్తాం అని 1957లో ఫెస్టింగర్ రాసింది సైకాలజీలో, 150ల్లో. వీళ్ళంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నారు. అరిస్టాటిల్ కుదరదన్నదాన్ని ప్రీస్ట్ కుదురుతుందంటున్నాడు, ఆయన పేరు పెట్టి మరీ అంటున్నాడు. కానీ ఒక అంతస్తులో నిలబడ్డవాళ్ళకి ఇంకో అంతస్తులో తమ ప్రశ్నకే జవాబు ఉందని తెలీదు.

వర్గీకరణ తప్పని నేననట్లేదు. అచ్చుపుస్తకం ఒక చోటే ఉండగలదు, దానికో నంబరు కావాలి. కానీ నంబర్లతోనే సంబంధాలు చూపించొచ్చని మన లైబ్రరీ సైన్స్ పెద్దాయన రంగనాథన్ గారు ఎప్పుడో ఆలోచించారు కదా. 1933లో మొదలైన ఆయన కోలన్ వర్గీకరణలో రెండు సబ్జెక్టుల మధ్య పోలిక ఉంటే, తేడా ఉంటే, ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద ఉంటే అది నంబర్లోనే తెలిసే ఏర్పాటుంది. ఆయన చూసింది సబ్జెక్టుల మధ్య సంబంధం. నేను అడిగేది ఆ చూపునే పుస్తకాల మధ్యకి, పేపర్ల మధ్యకి తీసుకురమ్మని. చదివేవాళ్ళ టైమ్ కాపాడు అన్నది ఆయన 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది, ఎదురు వాదం వెతకడానికి పోయినంత టైమ్ పరిశోధనలో ఇంక దేనికీ పోదు అని నా నమ్మకం.

పాతకాలపు పండితులు ఈ పనిని పుస్తకం లోపలే చేసేవాళ్ళు. మన శాస్త్రగ్రంథాల్లో ముందు పూర్వపక్షం వస్తుంది, అంటే ఎదుటివాడి వాదం, వాడే వచ్చి చెప్పినా ఇంతకన్నా బాగా చెప్పలేడు అన్నంత గట్టిగా, ఆ తర్వాతే ఖండన, సిద్ధాంతం. 14వ శతాబ్దంలో మాధవుడు సర్వదర్శన సంగ్రహం రాస్తే తనకి అన్నిటికన్నా దూరమైన చార్వాకుల దగ్గర మొదలెట్టాడు. చార్వాకుల సొంత గ్రంథాలు దాదాపు మనకి మిగల్లేదు, వాళ్ళేమన్నారో ఇవాళ మనకి తెలిసిన దాంట్లో ఎక్కువ భాగం వాళ్ళని కాదన్నవాళ్ళ పుస్తకాల్లోంచే వచ్చింది. యూరప్‌లోనూ ఇదే జరిగింది. క్రైస్తవాన్ని విమర్శిస్తూ సెల్సస్ అనే ఆయన రెండో శతాబ్దంలో రాసిన గ్రంథం పోయింది, మూడో శతాబ్దం మధ్యలో ఒరిజెన్ దాన్ని ఖండించడానికని వాక్యం వాక్యం ఎత్తి రాసుకున్నాడు కాబట్టి అందులో చాలా భాగం బతికింది. 12వ శతాబ్దంలో పీటర్ అబెలార్డ్ అయితే 158 ప్రశ్నలు తీసుకుని ఒక్కోదానికి చర్చి పెద్దలు ఒకళ్ళకొకళ్ళు విరుద్ధంగా చెప్పిన మాటల్ని పక్కపక్కన పెట్టి, జవాబు తను చెప్పకుండా వదిలేశాడు. ముందుమాటలో మాత్రం ఇలాంటి వైరుధ్యాల్ని ఎలా పరిశీలించాలో చెప్పాడు, మాట అర్థం మారిందా, రాతప్రతిలో తప్పు దొర్లిందా, చెప్పినాయన తర్వాత అభిప్రాయం మార్చుకున్నాడా అని చూడమన్నాడు. ఇవాళ్టికీ ఏ రీసెర్చ్ స్కాలర్‌కైనా మొదటి వారంలో నేర్పాల్సినవి ఇవే.

వాళ్ళు ఎదుటివాణ్ణి తమ పుస్తకంలోనే ఉంచారు. ఇప్పుడు పుస్తకాలు లక్షల్లో, పేపర్లు కోట్లలో ఉన్నాయి, ఏ రచయితా ఆ పని పూర్తిగా చెయ్యలేడు, పైగా తన తర్వాత వచ్చే ఖండనని ఏ రచయితా తన పుస్తకంలో పెట్టలేడు కదా. ఆ పని చెయ్యగలిగిన చోటు లైబ్రరీ ఒక్కటే. రెండు పక్షాలూ ఒకే కప్పు కింద ఉండేది అక్కడే.

జర్మన్ గణితవేత్త ఫ్రేగే కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, అయినా చెప్తాను. అంకగణితాన్ని తర్కం మీద నిలబెట్టాలని ఆయన ఏళ్ళ తరబడి పనిచేసి 1893లో మొదటి సంపుటం వేశాడు. రెండో సంపుటం ప్రెస్సులో ఉండగా 1902 జూన్ 16న బెర్ట్రండ్ రసెల్ ఒక ఉత్తరం రాశాడు, తమలో తాము సభ్యులు కాని సమితులన్నీ కలిపి ఒక సమితి చేస్తే అది తనలో తాను సభ్యురాలవుతుందా కాదా అని. అవుతుందంటే కాదు, కాదంటే అవుతుంది. ఫ్రేగే ఆ ఉత్తరాన్ని దాచుకోలేదు, 1903లో వచ్చిన రెండో సంపుటం చివర అనుబంధం రాసి, తన కట్టడం పూర్తవుతుండగా పునాదుల్లో ఒకటి కదిలిపోయిందని తనే ఒప్పుకున్నాడు. పండితుడంటే అలా ఉండాలి. కానీ లైబ్రరీ వైపు నుంచి చూడండి. మొదటి సంపుటం విడిగా చేతికొచ్చినవాళ్ళకి ఈ గొడవ జాడ ఒక్క పేజీలో కూడా ఉండదు. దాని కేటలాగ్ రికార్డులో పేజీల సంఖ్య ఉంటుంది, సైజు సెంటీమీటర్లలో ఉంటుంది, ఇందులోని ఒక మూలసూత్రం నుంచి వైరుధ్యం పుట్టిందన్న సంగతి ఉండదు. పుస్తకం ఎత్తు ఎంతో రాయడానికి మన దగ్గర ఖచ్చితమైన నియమం ఉండి, ఆ పుస్తకం నిలబడిందా పడిందా అన్నదానికి చోటే లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

తర్కం సంగతి అలా ఉంచి వైద్యానికి రండి, అక్కడ మనుషుల ప్రాణాలున్నాయి. 2005లో జాన్ అయోనిడిస్ అనే పరిశోధకుడు 1990 నుంచి 2003 మధ్య బాగా పేరొచ్చిన, ఎక్కువగా ఉదహరించిన 49 క్లినికల్ అధ్యయనాల్ని తీసుకుని తర్వాత వాటి గతి ఏమైందో చూశాడు. అందులో 45 ఫలానా చికిత్స పనిచేస్తుందని చెప్పినవి. ఆ 45లో 7 తర్వాతి అధ్యయనాలు తప్పని చెప్పాయి, ఇంకో 7 మొదట చెప్పినంత ప్రభావం లేదని తేలింది, 20 నిలబడ్డాయి, 11 మళ్ళీ ఎవరూ గట్టిగా పరీక్షించనే లేదు. మెనోపాజ్ తర్వాత హార్మోన్లు ఇస్తే గుండెకి మంచిదని అప్పటిదాకా నర్సుల్ని ఏళ్ళ తరబడి గమనించిన పెద్ద అధ్యయనం చెప్తూ ఉంటే, 2002లో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ ట్రయల్లో రెండు హార్మోన్లు కలిపి ఇచ్చిన భాగాన్ని మేలు కన్నా కీడు ఎక్కువని మధ్యలోనే ఆపేశారు. ఇలాంటప్పుడు పాత పేపరు చెడ్డదని కాదు, అది మనుషుల్ని గమనించి చెప్పింది, ఇది లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి మందిచ్చి చూసింది, పద్ధతి వేరు, పాల్గొన్నవాళ్ళ వయసులు వేరు. ఆ తేడా ఎందుకొచ్చిందో అర్థం చేసుకోవడంలోనే ఎపిడెమియాలజీ, అంటే జనంలో రోగాలు ఎలా వస్తాయో చూసే శాస్త్రం, సగం ఉంది. రెండూ పక్కపక్కన కనపడితేనే కదా అది నేర్చుకునేది.

తప్పని తేలాక జనం దాన్ని వదిలేస్తారులే అనుకుంటాం, వదలరు. విటమిన్ ఈ గుండెకి మంచిదని 1993లో వచ్చిన పరిశీలనల్ని తర్వాతి పెద్ద ట్రయల్స్ బలపరచలేదు, అయినా 2005లో కూడా ఆ పాత పేపర్లని ఉదహరించిన వ్యాసాల్లో సగం వాటిని మెచ్చుకుంటూనే ఉన్నాయని 2007లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. సైకాలజీలో 2015లో 100 పాత ప్రయోగాల్ని మళ్ళీ చేసి చూస్తే, మొదటిసారి నూటికి 97 గట్టి ఫలితం ఇచ్చినవి ఈసారి నూటికి 36 మాత్రమే ఇచ్చాయి. 2021లో ఇంకో అధ్యయనం ఏం చెప్పిందంటే, మళ్ళీ చేస్తే నిలబడని పేపర్లకే నిలబడినవాటికన్నా ఎక్కువ ఉదహరింపులు వస్తున్నాయి, నిలబడలేదని తేలిన తర్వాత కూడా వాటిని ఉదహరించేవాళ్ళలో నూటికి 12 మందే ఆ సంగతి ప్రస్తావిస్తున్నారు. ఇప్పుడు మీ సెర్చ్ ఎలా పనిచేస్తుందో ఒకసారి ఆలోచించండి. ఎక్కువ ఉదహరింపులున్నది పైన చూపించే ఏర్పాటు ఉంటే, కూలిపోయిన పేపర్ని కూలగొట్టినదానికన్నా పైన పెడుతున్నట్టే, అదీ యూనివర్సిటీ పేరుతో.

ఇది చెయ్యలేని పని కాదు, ఒక రంగంలో నూట యాభై ఏళ్ళుగా చేస్తూనే ఉన్నారు. లా లైబ్రరీలో పనిచేసినవాళ్ళకి తెలుసు. 1873లో అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన కోర్టు తీర్పుల పుస్తకాల్లో అంటించుకోవడానికి జిగురు చీటీలు అచ్చేసి అమ్మడం మొదలెట్టాడు, ఈ తీర్పుని తర్వాత ఫలానా కోర్టు కొట్టేసింది, ఫలానా కోర్టు అనుసరించింది, ఫలానా కేసులో ఇది వర్తించదంది అని. తర్వాత అవే పుస్తకాలయ్యాయి, ఇప్పుడు ఆన్‌లైన్‌లో రంగు గుర్తులయ్యాయి. కొట్టేసిన తీర్పుని కోర్టులో చూపించి వాదించిన లాయరు పరువు పోతుంది, కాబట్టి ఆ చీటీ చూడకుండా ఎవరూ అడుగెయ్యరు. మిగతా సబ్జెక్టుల్లో కొట్టేసిన వాదనని పట్టుకుని థీసిస్ రాసినా ఎవరికీ తెలీకుండా గడిచిపోవచ్చు.

1955లో యూజీన్ గార్ఫీల్డ్ సైన్స్ పత్రికలో సైటేషన్ ఇండెక్స్, అంటే ఏ పేపర్ని ఎవరెవరు ఉదహరించారో చూపే సూచిక, కావాలని ప్రతిపాదించినప్పుడు ఆయన కళ్ళముందున్న నమూనా ఈ షెపర్డ్ పుస్తకాలే. ఒక పేపరు మీద తర్వాత వచ్చిన విమర్శలు తెలిస్తే తప్పుడు సమాచారాన్ని, పాతబడ్డ సమాచారాన్ని గుడ్డిగా ఉదహరించడం ఆగుతుందని ఆయన ఆ వ్యాసంలో రాసుకున్నాడు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వచ్చింది. కానీ షెపర్డ్ చీటీల్లో ఉన్న అసలు ప్రాణం, అనుసరించారా కొట్టేశారా అన్న గుర్తు, అందులోకి రాలేదు. ఎవరు ఎవర్ని ఉదహరించారన్నదే మిగిలింది, ఆ తర్వాత అది ఎన్నిసార్లు అన్న లెక్కగా మారింది, ఆ లెక్కలోంచి పత్రికల్ని తూచే ఇంపాక్ట్ ఫ్యాక్టర్, దాంట్లోంచి ప్రమోషన్లు, ర్యాంకులు. తిట్టడానికి ఉదహరించినా ఒకటే, పొగడ్డానికి ఉదహరించినా ఒకటే. విమర్శ వెతకడానికి పుట్టిన పనిముట్టు ఇలా అయిపోయింది, దాన్ని మళ్ళీ దారిలో పెట్టమని గట్టిగా అడగగలిగేది ఏటేటా చందా కట్టే మీరే.

మీ చేతిలో ఉన్న సాధనాలు కూడా తక్కువేం కాదు. మార్క్ రికార్డులో, అంటే కంప్యూటర్ చదివే కేటలాగ్ ఎంట్రీలో, 780, 785 ఫీల్డులతో ఒక పత్రిక పేరు మారితే పాత పేరుకీ కొత్త పేరుకీ ముడి వేస్తారు, ఇది ఎంత శ్రద్ధగా చేస్తారో నేను చూశాను. ఇంకే సంబంధమైనా చూపించుకోవడానికి 787 ఉంది. ఆర్‌డీఏ అనే కేటలాగింగ్ నియమాల్లో ఒక రచన ఇంకో రచన మీద విమర్శ అని చెప్పే సంబంధ పదాలున్నాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సబ్జెక్ట్ హెడింగ్స్‌లో మతాలకీ, మతశాఖలకీ, పవిత్రగ్రంథాలకీ వాటిని వ్యతిరేకిస్తూ వచ్చిన సాహిత్యం అని విడిగా చూపే ఉపశీర్షిక ఎప్పట్నుంచో ఉంది. ఒక మతాన్ని ఖండిస్తూ వచ్చిన పుస్తకాలన్నీ ఒక్క క్లిక్కులో దొరుకుతాయి, ఒక ఆర్థిక సిద్ధాంతాన్ని ఖండిస్తూ వచ్చినవి దొరకవు. 2010లో వచ్చిన సైటో అనే ఓపెన్ పదజాలంలో అయితే ఈ పేపరు ఆ పేపర్ని సమర్థిస్తోంది, వివాదపడుతోంది, ఖండిస్తోంది అని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా రాసుకోవచ్చు. ఉదహరింపుల్ని సమర్థన, వ్యతిరేకత అని విడగొట్టి చూపే సర్వీసులు కూడా మార్కెట్‌లోకి వచ్చాయి. అన్నీ ఉన్నాయి, వాడాలన్న నిర్ణయమే లేదు.

వేసిన పత్రికే ఇది చెల్లదని ప్రకటించి వెనక్కి తీసుకున్న పేపర్ల విషయంలోనైనా ఆలస్యం చెయ్యకండి దయచేసి. టీకాకీ ఆటిజంకీ సంబంధం ఉందేమోనన్న అనుమానం రేపిన పేపర్ని లాన్సెట్ అనే వైద్యపత్రిక 1998 ఫిబ్రవరిలో వేసి 2010 ఫిబ్రవరిలో వెనక్కి తీసుకుంది, మధ్యలో 12 ఏళ్ళు. ఆ సంవత్సరం పత్రిక బైండు చేసి షెల్ఫులో పెట్టుకున్న లైబ్రరీల్లో ఆ పేజీల మీద చిన్న చీటీ అయినా అంటించారా అని అడుగుతున్నాను. వెనక్కి తీసుకున్న పేపర్ల జాబితాని రిట్రాక్షన్ వాచ్ వాళ్ళు ఏళ్ళ తరబడి తయారుచేస్తే 2023లో పరిశోధన పేపర్ల వివరాలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ అనే సంస్థ దాన్ని తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచేసింది. దాన్ని మీ సెర్చ్‌కి కలపడానికి డబ్బు అడ్డం కాదు.

అయితే వైరుధ్యం అంటే ఎవరో ఒకళ్ళు తప్పు చేశారనే అర్థం పెట్టుకోవద్దు. విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో ప్లాంక్ ఉపగ్రహం చూసిన ఆదిమ కాంతి నుంచి లెక్కగడితే మెగాపార్సెక్ (అంతరిక్షంలో దూరానికి ఒక కొలత) దూరానికి సెకనుకి 67 కిలోమీటర్ల దగ్గర వస్తుంది, సెఫీడ్ తారలు, సూపర్‌నోవాల దూరాలతో లెక్కగడితే 73 దగ్గర వస్తుంది. రెండు పక్కలా జాగ్రత్తపరులే, రెండు పక్కలా పొరపాట్ల కోసం వెతికి వెతికి ఉన్నారు, అయినా కలవట్లేదు. కొత్త భౌతికశాస్త్రం ఏదైనా బయటపడితే ఇలాంటి చోటే పడుతుందని చాలామంది ఆశ. ఫిజిక్స్ స్టూడెంట్‌కి ఒక్క నంబరు చేతిలో పెట్టి పంపిస్తే ఆ సబ్జెక్ట్‌లో ఇప్పుడు ఉత్సాహంగా ఉన్న చోటు ఏదో దాచిపెట్టినట్టే.

ఏరివేత గురించి కూడా ఒక మాట. పుస్తకాలు తీసెయ్యడానికి చాలా లైబ్రరీలు వాడే మస్టీ అనే కొలతల్లో తప్పుదారి పట్టించేది, కొత్తది వచ్చి పాతబడింది అన్నవి రెండు కారణాలు. జనం ఆరోగ్య సలహా కోసం వచ్చే పౌర గ్రంథాలయంలో అది సబబే. యూనివర్సిటీలో అదే కొలత పెడితే శాస్త్రచరిత్ర పోతుంది. లార్డ్ కెల్విన్ 1862లో భూమి వేడి చల్లారే లెక్క వేసి వయసు 2 కోట్ల నుంచి 40 కోట్ల సంవత్సరాల మధ్య అన్నాడు, 1897కి వచ్చేసరికి 2 నుంచి 4 కోట్లకి కుదించాడు. భూగర్భ శాస్త్రవేత్తలకీ డార్విన్‌కీ అది చాలదు. ఆయన దగ్గరే ఒకప్పుడు పనిచేసిన జాన్ పెర్రీ 1895లో, భూమి లోపల వేడి మీరనుకున్నట్టు ఒకే తీరుగా పాకకపోతే మీ లెక్క మారిపోతుంది కదా అని నేచర్ పత్రికలో రాశాడు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు మనం చెప్పే వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. కెల్విన్ పుస్తకం పాతబడిందని తీసేస్తే, అంత గొప్ప గణితం వచ్చినాయన ఒక్క ఊహ దగ్గర ఎలా దెబ్బతిన్నాడో చూపించడానికి ఏం మిగులుతుంది? ఉంచండి, పక్కన పెర్రీ పేరు రాయండి.

మీలో కొందరికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, ఏది ఖండనో ఏది కాదో తేల్చడానికి మేమెవరం, మేం తటస్థంగా ఉండాలి కదా అని. తీర్పు చెప్పమని నేనడగట్లేదు. ఈ రచన ఆ రచనని ఫలానా విషయంలో కాదంటోంది అన్నది అభిప్రాయం కాదు, ఆ రచనలోనే రాసి ఉన్న సంగతి. దాన్ని నమోదు చెయ్యడం తటస్థత తప్పడం అవ్వదు. ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. ప్రతిదానికీ ఎదురు వాదం చూపిస్తే పనికిమాలిన ఎదురు వాదాలకి కూడా పీట వేసినట్టవుతుందా? అవుతుంది, జాగ్రత్త లేకపోతే. సిగరెట్టు కంపెనీలు దశాబ్దాల తరబడి చేసింది ఇదే, 1969 నాటి ఒక కంపెనీ లోపలి కాగితంలో సందేహమే మా సరుకు అని రాసుకున్నారు కూడా. ఆ కాగితాలు ఇవాళ ప్రపంచమంతా చదువుకోగలుగుతోందంటే కారణం ఒక యూనివర్సిటీ లైబ్రరీ, శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళ ఆర్కైవ్‌లో అలాంటి డాక్యుమెంట్లు కోటికి పైగా ఉన్నాయి. కల్పించిన వైరుధ్యాన్ని బయటపెట్టింది కూడా లైబ్రరీయే అన్నమాట.

న్యాయసూత్రాల్లో గౌతముడు చర్చని మూడు రకాలు చేశాడు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటిదాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండం. ఎదురు వాదం అన్న గుర్తు పక్కన అది దేని ఆధారంగా అంటోందో ఒక్క లైను ఉంటే, ప్రయోగమా, కొత్త రాతప్రతి దొరికిందా, లెక్కలో తప్పు చూపించారా, డబ్బు ఎవరిచ్చారు అని, చదివేవాళ్ళే వాదాన్నీ వితండాన్నీ వేరు చేసుకోగలరు. హోలోకాస్ట్ జరగలేదని రాసిన పుస్తకాలకి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వేరే హెడింగే పెట్టింది, మామూలు చరిత్రలో కలిపెయ్యకుండా. అంటే అవసరమైన చోట కేటలాగ్ నోరు విప్పగలదు, విప్పింది.

ఇప్పుడు అన్నిటికన్నా తొందరగా చూడాల్సింది సెర్చ్‌లోకి వచ్చి కూర్చుంటున్న ఏఐ సారాంశాలు. ప్రశ్న అడిగితే నాలుగైదు పేపర్లు తీసుకుని ఒక పేరా కట్టి ఇస్తాయి. ఆ నాలుగైదు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటుంటే ఆ పేరాలో ఏమవుతుంది? కొన్నిసార్లు ఒక పక్షం మాయమవుతుంది, కొన్నిసార్లు ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, ఎవరు ఏ సంవత్సరంలో ఏ పద్ధతితో ఏమన్నారో అంతా నున్నగా చెరిగిపోతుంది. కేటలాగ్ ఇన్నాళ్ళూ వైరుధ్యం గురించి మాట్లాడలేదు కానీ కనీసం రెండు పుస్తకాల్నీ విడివిడిగా ఉంచింది, పట్టుదల ఉన్నవాళ్ళు వెతుక్కునేవాళ్ళు. ఈ పేరా అలవాటైతే వెతకాలన్న ఆలోచన కూడా రాదేమోనని నా భయం, ఎందుకంటే జవాబు దొరికిందనిపిస్తుంది కదా.

మొత్తం కలెక్షన్ని ఒకేసారి చెయ్యమని ఎవరూ అడగరు, మీకున్న సిబ్బంది ఎంతో బడ్జెట్ ఎంతో ఎవరికి తెలీదు. ఒక డిపార్ట్‌మెంట్ తీసుకోండి. ఆ కోర్సు రీడింగ్ లిస్టులో ఉన్న పుస్తకాలు, పేపర్లు మాత్రమే. ఒక్కోదాన్ని గట్టిగా కాదన్న రచనలు ఏవో ఆ సబ్జెక్ట్ చెప్పే టీచర్లకి నోటి మీద ఉంటాయి, ఒక మధ్యాహ్నం కూర్చుంటే చెప్పేస్తారు. వాటిని 787లో ఎక్కించండి, లేని వాటిని కొనండి. పిహెచ్‌డీ చేసేవాళ్ళు లిటరేచర్ రివ్యూ కోసం ఈ పని ఎలాగూ చేసుకుంటున్నారు, చేసి థీసిస్ వెనక పేజీల్లో పాతిపెడుతున్నారు, సబ్మిషన్‌తో పాటు ఆ జాబితా లైబ్రరీకి కూడా ఇవ్వాలని కమిటీ ఒక తీర్మానం చేస్తే ఏటా కొన్ని వందల ముడులు ఉచితంగా వచ్చిపడతాయి. కొనుగోలు విధానంలో ఒక వాక్యం చేర్చండి, వివాదం రేపిన పుస్తకం కొంటే దానికి వచ్చిన ముఖ్యమైన జవాబు కూడా కొంటాం అని. వైరుధ్యం మీద పనిచేసేవాళ్ళ కోసం ఒక గైడ్ పేజీ తయారుచేసి 150 నుంచి 511 దాకా నేను పైన చెప్పిన మనుషులందర్నీ ఒక చోటికి తీసుకురండి, ఫిలాసఫీ, గణితం, రాజనీతి, సైకాలజీ స్టూడెంట్లు అక్కడ కలుస్తారు.

డేటాబేస్ కంపెనీలతో కాంట్రాక్టు రెన్యూ చేసేటప్పుడు మాత్రం రెండు క్లాజులు వదలొద్దు. వెనక్కి తీసుకున్న పేపరు రిజల్టుల్లో కనపడితే దాని పక్కనే ఆ గుర్తు కనపడాలి, లోపలికెళ్ళి చూస్తే కాదు. ఏఐ సారాంశం వాడిన మూలాల మధ్య విభేదం ఉంటే ఏ మూలం ఏ పక్షమో పేరుతో, సంవత్సరంతో చూపించాలి, చూపించలేకపోతే ఆ ఫీచర్ని ఆపుకునే హక్కు లైబ్రరీకి ఉండాలి. నాలుగైదు యూనివర్సిటీలు కలిసి అడిగితే వాళ్ళు కాదనడం కష్టం. మీ తర్వాతి రెన్యూవల్ మీటింగ్ ఎజెండాలో ఈ రెండూ పెట్టించండి, ఏం జవాబొచ్చిందో మా రీడర్లకి కూడా రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు
మీ రీడింగ్ హాల్లో కూర్చునే ఒక పాఠకుడు